సుర్మాదానిలో ఏముంది? పసుపు డబ్బాలో ఏముంది?

పండుగనాటి ఉదయం. స్నానం ముగించి కొత్త దుస్తులు తొడుక్కున్న పసివాణ్ణి దాదీ తన ఒడిలోకి తీసుకుంటుంది. అల్మారాలోంచి సుర్మాదాని బయటికి వస్తుంది. సన్నని సలాకను నల్లని పొడిలో ముంచి, ‘బిస్మిల్లాహ్’ అంటూ ఆ చిన్ని కళ్లకు సుర్మా దిద్దుతుంది. పక్కన అత్తరు పరిమళం, వంటింట్లోంచి షీర్ ఖుర్మా వాసన. తెలుగు ముస్లిముల ఇళ్లలో తరతరాలుగా కనిపించే దృశ్యమిది. ఇందులో ప్రేమ ఉంది, ఆనవాయితీ ఉంది, సున్నత్ పట్ల గౌరవం ఉంది.

అయితే ఆ నల్లని పొడి దేనితో తయారైందని మనలో ఎందరం అడిగాము? వంటింట్లో రోజూ చిటికెడు వేసే పసుపుకు అంత మెరిసే రంగు ఎక్కడినుంచి వచ్చిందని ఎందరం ఆలోచించాము? గత అరవై ఏళ్లలో శాస్త్రవేత్తలు ఈ రెండు ప్రశ్నలనూ అడిగారు. కొన్నిచోట్ల వారికి దొరికిన జవాబు ఒక్కటే: సీసం.

సీసపు విషం నొప్పితో మొదలుకాదు. చేదుగా ఉండదు, వాసన రాదు, కంటికి కనిపించదు. బిడ్డ ఆడుతూనే ఉంటాడు, తింటూనే ఉంటాడు. నష్టం మాత్రం లోపల జరుగుతూ ఉంటుంది. అందుకే దీన్ని చూపుతో కాక పరీక్షతో కనిపెట్టవలసి వచ్చింది. ఆ పరీక్షలు ఎలా పుట్టాయో, అవి మన ఇళ్లకు ఏమి చెబుతున్నాయో పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శరీరంలో సీసం చేసే పని

ఇనుము, కాల్షియం, జింక్ వంటి ఖనిజాలు మన దేహానికి కావాలి. సీసంతో మాత్రం దేహానికి ఏ అవసరమూ లేదు. అయినా అది కాల్షియంలా నటిస్తూ లోపలికి చొరబడుతుంది. ఎముకలకు చేరవలసిన కాల్షియం స్థానంలో తాను చేరుతుంది. నాడీకణాల మధ్య సందేశాలు నడిపే చోట అడ్డుపడుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ తయారీని దెబ్బతీస్తుంది.

పెద్దల కన్నా పసిపిల్లలకు దీని వల్ల ముప్పు ఎక్కువ. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దల దేహం పీల్చుకునే దానికి నాలుగైదు రెట్లు పిల్లల దేహం పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా పిల్లలు నేలమీద పాకుతారు, చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. వారి మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న బిడ్డలో సీసం మరింత సులువుగా ఇంకుతుంది. అంటే పేదరికం, పోషకాహార లోపం ఉన్న ఇంట్లో ఇదే విషం మరింత బలంగా పనిచేస్తుంది.

రక్తంలో చేరిన సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. ఎముకల్లో చేరినది దశాబ్దాలపాటు అక్కడే ఉంటుంది. స్త్రీ గర్భం ధరించినప్పుడు బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. దానితోపాటు ఆమె బాల్యంలో చేరిన సీసం కూడా రక్తంలోకి వచ్చి గర్భస్థ శిశువును చేరగలదు. ఒక తరం ఒంట్లో చేరిన విషం మరో తరానికి చేరుతుందన్న మాట.

రక్తంలో సీసాన్ని డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్లకు, ఇన్ని మైక్రోగ్రాములని కొలుస్తారు. అమెరికా ఆరోగ్యశాఖ 1991లో 10 మైక్రోగ్రాములను హెచ్చరిక స్థాయిగా పెట్టుకుంది. 2012లో దాన్ని 5కు, 2021లో 3.5కు దించింది. పరిశోధన లోతుకు వెళ్లిన కొద్దీ, ఇంతకు ముందు ‘ఫరవాలేదు’ అనుకున్న మోతాదు కూడా హాని చేస్తోందని తేలింది. పిల్లలకు సురక్షితమైన సీసపు స్థాయి అంటూ ఏదీ లేదన్నది నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

పాలపళ్లు ఇచ్చిన సాక్ష్యం

ఒకప్పుడు వైద్యులు సీసపు విషాన్ని రెండు రకాలుగానే చూసేవారు. మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పి ఆసుపత్రికి చేరిన బిడ్డ రోగి. ఆ లక్షణాలు లేని బిడ్డ ఆరోగ్యవంతుడు. ఈ విభజనను హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా పిల్లల వైద్యుడు ప్రశ్నించాడు. రోగం కనిపించని పిల్లల్లో కూడా సీసం ఏదైనా చేస్తోందా అన్నది ఆయన సందేహం.

దానికి ఒక చిక్కు అడ్డొచ్చింది. రక్తపరీక్ష ఇటీవలి నెలల సంగతి మాత్రమే చెబుతుంది. బిడ్డ ఊయలలో ఉన్ననాటి సంగతి తెలియాలంటే ఎలా? పిల్లలకు సహజంగానే ఊడిపోయే పాలపళ్లలో ఆయనకు దారి దొరికింది. పన్ను తయారయ్యే కాలంలో ఒంట్లో తిరిగిన సీసం ఆ పంటిలో నిలిచిపోతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెండు పట్టణాల బడులలో ఒకటి, రెండు తరగతులు చదివే పిల్లల పాలపళ్లను ఆయన బృందం సేకరించి పరీక్షించింది. రెండు వేలమందికి పైగా పిల్లలు తరగతిలో ఎలా మెలగుతున్నారో ఉపాధ్యాయులను అడిగి తెలుసుకుంది. ఏ బిడ్డ పంటిలో ఎంత సీసం ఉందో ఆ ఉపాధ్యాయులకు తెలియదు.

1979లో ఫలితాలు వెలువడ్డాయి. పంటిలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలకు తెలివితేటల పరీక్షలలో మార్కులు తగ్గాయి. చెప్పిన పని మీద మనసు నిలపలేకపోవడం, సులభంగా విసుగు చెందడం, సూచనలు పాటించలేకపోవడం వారిలో ఎక్కువగా కనిపించాయి. వారిలో ఒక్కరూ మంచాన పడ్డవారు కారు. ఎవరూ వారిని రోగులనలేదు. మొండివాళ్లనీ, మందమతులనీ అనుకొని ఉంటారంతే.

ఈ అధ్యయనం మనల్ని ఒక్క క్షణం ఆపి ఆలోచింపజేయాలి. చదువులో వెనుకబడ్డ బిడ్డను మనం మందలిస్తాము, మదరసాలో సబక్ గుర్తుండని పిల్లవాణ్ణి పక్కింటివాడితో పోలుస్తాము. అలాంటి ప్రతి బిడ్డ ఒంట్లోనూ సీసం ఉంటుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. బిడ్డ స్వభావాన్ని నిందించే ముందు అతని ఆరోగ్యాన్ని, అతడు పీల్చే గాలిని, తినే తిండిని ఒకసారి చూడాలన్నదే మా మనవి.

సుర్మా సంగతి

1960ల చివర బ్రిటన్‌లో స్థిరపడిన ఆసియా కుటుంబాల పిల్లల్లో కొందరికి సీసపు విషం ఉన్నట్టు అక్కడి వైద్యులు గుర్తించారు. కారణం వెతకగా కళ్లకు పెట్టే సుర్మా దగ్గర అన్వేషణ ఆగింది. 1968లో ఒక వైద్య పత్రికలో ఆ సంగతి ప్రచురితమైంది. 1978లో జరిగిన మరో అధ్యయనం సుర్మా వాడే ఆసియా పిల్లల రక్తంలో, వాడని పిల్లలకన్నా సీసం స్పష్టంగా ఎక్కువగా ఉందని చూపింది. ఆ తర్వాత పలు దేశాల ప్రయోగశాలలు బజారులో దొరికే సుర్మాలను పరీక్షించాయి. కొన్నింటిలో సగానికి పైగా బరువు సీసపు సల్ఫైడే. ఖనిజశాస్త్రంలో దీన్ని గెలీనా అంటారు. నల్లగా, మెరుస్తూ, మెత్తగా నూరుకోవడానికి అనువుగా ఉండే రాయి అది. మరికొన్ని సుర్మాలలో సీసం దాదాపు లేదు. డబ్బా మీది పేరు చూసి ఏది ఏ రకమో చెప్పడం సాధ్యం కాదు. అమెరికాలో సుర్మాను, కాటుకను సౌందర్య సాధనంగా అమ్మడానికి అనుమతి లేకపోవడానికి ఇదే కారణం.

కంటికి పెట్టినది కడుపులోకి ఎలా వెళుతుంది? కంటిని ముక్కుతో, ముక్కును గొంతుతో కలిపే సన్నని నాళం ఉంది. కన్నీటితో కలిసిన పొడి ఆ దారిన గొంతులోకి జారగలదు. అంతకన్నా ముఖ్యమైన దారి చేతులు. బిడ్డ కళ్లు నలుపుకొంటాడు, అదే చేతిని నోట్లో పెట్టుకుంటాడు. రోజూ, నెలల తరబడి ఇలా జరుగుతుంది.

ఇక్కడ చాలామంది తల్లుల మనసులో ఒక కలవరం పుడుతుంది. సుర్మా సున్నత్ కదా, దాన్ని విషమనడం ఎలా? ఈ కలవరాన్ని మేము తేలికగా తీసుకోము. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇథ్మిద్ అనే అంజనాన్ని మెచ్చుకున్నారని, అది చూపుకు, కనురెప్పల వెంట్రుకలకు మేలు చేస్తుందని చెప్పారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లోని హదీసులు తెలుపుతున్నాయి. హదీసు పేరు పెట్టి చెప్పినది ఇథ్మిద్‌ను. ఇథ్మిద్‌ను సాధారణంగా యాంటిమొనీ అనే వేరే ఖనిజంగా గుర్తిస్తారు. నేడు బజారులో ‘సుర్మా’ పేరుతో అమ్మే ప్రతి నల్లపొడీ అదే అని ఎవరు హామీ ఇవ్వగలరు? గెలీనా చవక, చూడటానికీ అలాగే ఉంటుంది. పైగా యాంటిమొనీ కూడా పసికందు నోటికి చేరదగ్గ వస్తువు కాదు.

హానికి గురికావడాన్నీ, హాని చేయడాన్నీ ధర్మం నిషేధించిందన్నది ఫిఖ్హ్ పండితులందరికీ తెలిసిన సూత్రం. కాబట్టి పసిపిల్లలకు సుర్మా పెట్టడం మానుకోవడం ప్రవక్త (స) పట్ల అగౌరవం కాదు. ఆయన పేరుతో మరేదో అమ్ముతున్న వర్తకుని మోసానికి మన బిడ్డను బలి కానివ్వకపోవడం అది. పెద్దలు వాడదలచుకుంటే, సీసం లేదని ప్రయోగశాల ధ్రువీకరించిన దానినే, తయారీదారు వివరాలు ఉన్నదానినే తీసుకోవాలి.

బంగ్లాదేశ్ గర్భిణుల రక్తంలో

సుర్మా ఒక ఇంటి అలవాటు. పసుపు ప్రతి ఇంటి అవసరం. దానిలోని ప్రమాదాన్ని వెలికితీసిన పరిశోధన ఒక మంచి దర్యాప్తు కథలా సాగింది.

బంగ్లాదేశ్‌లోని గ్రామీణ ప్రాంతాల్లో 430 మంది గర్భిణుల రక్తాన్ని పరిశోధకులు పరీక్షించారు. వారిలో మూడింట ఒక వంతుకు దగ్గరగా స్త్రీలకు డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉంది. ఆ పల్లెల్లో కర్మాగారాలు లేవు, వాహనాల రద్దీ లేదు. మరి సీసం ఎక్కడిది? ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వెంట బయలుదేరారు. పొలం మందులా? సీసంతో అతికించిన రేకు డబ్బాలా? మట్టా? బియ్యమా? పసుపా? అన్నింటి నమూనాలూ సేకరించారు.

దొంగను వేలిముద్రతో పట్టినట్టు సీసాన్ని పట్టే పద్ధతి ఒకటుంది. ప్రకృతిలో సీసం నాలుగు రకాల పరమాణువులుగా దొరుకుతుంది. వాటి బరువులు 204, 206, 207, 208. ఒక గనిలోని సీసంలో ఈ నాలుగింటి పాళ్లు ఒక విధంగా, మరో గనిలో మరో విధంగా ఉంటాయి. రక్తంలోని పాళ్లు ఏ వస్తువులోని పాళ్లతో సరిపోతే, ఆ వస్తువే మూలమని గట్టిగా అనుమానించవచ్చు. ఆ స్త్రీల రక్తంలోని సీసం పసుపులోని సీసంతో సరిపోయింది.

తర్వాత పరిశోధకులు పసుపు పండే జిల్లాలకు వెళ్లారు. రైతులతో, కొమ్ములను పాలిష్ చేసే కార్మికులతో, టోకు వర్తకులతో మాట్లాడారు. ప్రధానంగా పసుపు పండే 9 జిల్లాలలో ఏడింటిలో లెడ్ క్రోమేట్ వాడకానికి ఆధారాలు దొరికాయి. ఇది రంగుల పరిశ్రమలో వాడే పసుపు పచ్చని పొడి. సీసం, క్రోమియం కలిసిన విషం. అక్కడి బజారులో దానికి పియూరి అని పేరు. కొన్ని నమూనాలలో సీసం ఆ దేశపు పరిమితికి 500 రెట్ల దాకా ఉంది.

ఈ అలవాటు ఎలా మొదలైంది? 1980లలో వరదలు వచ్చాయి. పసుపు సరిగా ఎండక, రంగు మారి మసకబారింది. కొనేవారు మెరిసే పసుపునే అడిగారు. పాలిష్ చేసేటప్పుడు కాసింత పియూరి చల్లితే పాడైన కొమ్ము కూడా బంగారంలా మెరిసింది. అలా మొదలైన పని మూడు దశాబ్దాలకు పైగా సాగింది. అది ఎంత ప్రమాదమో తెలియక చేసినవారు చాలామంది. ఆ దుమ్మును మొదట పీల్చినవారు ఆ కార్మికులే.

ఈ సంగతి చదువుతుంటే మాకు సహీహ్ ముస్లింలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, మోసం చేసేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. వానకు తడవడం వర్తకుని తప్పు కాదు. దాన్ని కప్పిపుచ్చడం తప్పు. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత వరదకు తడిసిన పసుపు విషయంలోనూ తప్పు అక్కడే జరిగింది.

కల్తీని ఆపిన రెండేళ్లు

ఈ కథలో నిరాశతో ముగించవలసిన అవసరం లేదు. 2019 సెప్టెంబరులో ఫలితాలు వెలువడగానే బంగ్లాదేశ్ ఆహార భద్రతా సంస్థ రంగంలోకి దిగింది. పత్రికల్లో, టీవీలో హెచ్చరికలు వెలువడ్డాయి. బజార్లలో వేలాది కరపత్రాలు పంచారు. ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్లో అధికారులు తనిఖీ చేశారు. చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరాన్ని పసుపు మీద ఆనిస్తే అందులో సీసం ఉన్నదీ లేనిదీ అక్కడికక్కడే తెలిసిపోయింది. కల్తీ సరుకు జప్తు అయింది, ఇద్దరు టోకు వర్తకులకు జరిమానా పడింది. ఈ వార్త దేశమంతటా పాకింది.

2019లో బజారు నమూనాలలో 47 శాతం సీసంతో కల్తీ అయి ఉండగా, 2021 నాటికి అది సున్నాకు చేరింది. పసుపు మిల్లుల కార్మికుల రక్తంలో సీసం సుమారు 30 శాతం తగ్గింది. ముప్పై ఏళ్లకు పైగా సాగిన కల్తీని రెండేళ్లలో ఆపగలిగారు. కారణం స్పష్టం. సమస్య ఎక్కడుందో ముందు నిర్ధారణ అయింది. గర్భిణుల రక్తం, పసుపు కొమ్ము, వర్తకుని గోదాము ఒక గొలుసులా కలిశాయి. ఆ నిర్ధారణ లేకుండా ఎంత హెచ్చరించినా చీకట్లో రాయి విసిరినట్టే అయ్యేది.

ఇస్లామీయ వైద్య చరిత్రలో ఇలాంటి ఆలోచనకు పాత ఉదాహరణ ఉంది. బాగ్దాదులో ఆసుపత్రి కట్టడానికి స్థలం చూడమన్నప్పుడు అర్-రాజీ ఊళ్లో వేరువేరు చోట్ల మాంసపు ముక్కలు వేలాడదీయించి, ఎక్కడి ముక్క ఆలస్యంగా కుళ్లిందో ఆ చోటును ఎంచుకున్నాడని పాత చరిత్రకారులు రాశారు. గాలి మంచిదని నలుగురూ అన్నంత మాత్రాన సరిపోదు, పరీక్ష పెట్టాలన్నది ఆ వృత్తాంతపు సారం.

మన నేల మాటేమిటి?

2020 జూలైలో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉంది. అంటే ముగ్గురిలో ఒకరు. వారిలో సుమారు 27 కోట్ల 50 లక్షల మంది మన దేశపు పిల్లలే.

2024లో ప్రచురితమైన మరో అధ్యయనం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాలలోని 23 నగరాల పసుపును పరీక్షించింది. చాలా నమూనాలు శుభ్రంగానే ఉన్నాయి. పాట్నా, కరాచీ, పెషావర్ వంటి కొన్ని చోట్ల మాత్రం సీసం భయంకరమైన స్థాయిలో కనిపించింది. మన ఆహార ప్రమాణాల సంస్థ పసుపులో సీసానికి పెట్టిన పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లతో దేశానికి పసుపునందించే తెలుగు రైతులకు ఈ వార్త అవమానం కాదు. స్వచ్ఛమైన పసుపుకు విలువ పెంచుకొనే అవకాశం. కొనుగోలుదారులమైన మనం మెరుపును అడగడం మానితే, మెరుపు అద్దే పని కూడా ఆగుతుంది.

సీసం మన దగ్గరికి మరికొన్ని దారుల్లో వస్తుంది. పెట్రోలులో కలిపే సీసాన్ని మన దేశం 2000లో పూర్తిగా ఆపింది. ఇళ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు దాటరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన రంగులు పాత కిటికీలు, తలుపుల మీద ఇంకా ఉన్నాయి, పెచ్చులూడి దుమ్మవుతున్నాయి. పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించే చిన్న చిన్న కొలిమిలు జనావాసాల మధ్యనే నడుస్తుంటాయి. బ్యాటరీ, రేడియేటరు మరమ్మతు, పెయింటింగ్ పనులు చేసే కుటుంబాలు మన సముదాయంలో ఎన్నో ఉన్నాయి. పని దుస్తులతోనే ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకునే తండ్రి, తనకు తెలియకుండానే ఆ దుమ్మును బిడ్డకు అంటిస్తున్నాడు.

వలీమా దావత్‌లలో వంటకు వాడే రాగి, ఇత్తడి దేగ్‌లకు కళాయి పూస్తారు. కళాయి స్వచ్ఛమైన తగరమైతే చింత లేదు. ఖర్చు తగ్గించడానికి తగరంలో సీసం కలిపితే, చింతపండు పులుసు, టమాటా, పెరుగు వంటి పుల్లని పదార్థాలు దాన్ని వంటలోకి లాగుతాయి. ఇక మందుల సంగతి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయి. లోహాలతో చేసే భస్మాలు, యూనానీలోని కుష్తాలు అర్హత గల వైద్యుని పర్యవేక్షణ లేకుండా, ముఖ్యంగా పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయిన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల వైపూ దర్యాప్తు సాగింది. అప్పుడు ప్రజలను కుదిపినది రోగం కన్నా ఎక్కువగా కారణం తెలియకపోవడమే. రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు ఎంత ముఖ్యమో ఆ నాలుగు రోజులు మనందరికీ నేర్పాయి.

పరీక్ష ఎవరికి, ఎలా?

సీసపు విషానికి తనదైన ప్రత్యేక లక్షణం లేదు. కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి మందగించడం, చిరాకు, తగ్గని రక్తహీనత, చదువులో వెనుకబాటు ఇవన్నీ వేరే కారణాలతో కూడా వస్తాయి. అందుకే నిర్ధారణకు నమ్మదగిన మార్గం రక్తపరీక్ష. వేలి కొస నుంచి తీసిన రక్తంలో చర్మం మీది దుమ్ము కలిసి తప్పుడు లెక్క రావచ్చు. అందువల్ల ఎక్కువగా వచ్చిన ఫలితాన్ని నరం నుంచి తీసిన రక్తంతో మరోసారి నిర్ధారించుకోవాలి. పెద్ద నగరాల ప్రయోగశాలలు ఈ పరీక్ష చేస్తాయి. అయితే మనం అడగకపోతే సాధారణంగా ఎవరూ రాయరు.

ఈ కింది ఇళ్లలో పిల్లల గురించి వైద్యుణ్ణి అడగడం మంచిది: బ్యాటరీ, సీసం, రంగుల పనిచేసేవారు ఉన్న ఇల్లు, సీసం కరిగించే చోటికి దగ్గరగా ఉన్న ఇల్లు, మట్టి, సున్నం, రంగు పెచ్చులు తినే అలవాటున్న బిడ్డ ఉన్న ఇల్లు, ఇనుము మందు వాడినా రక్తహీనత తగ్గని బిడ్డ ఉన్న ఇల్లు, రోజూ సుర్మా పెట్టే ఇల్లు.

ఫలితం కాస్త ఎక్కువగా వస్తే చికిత్సలో మొదటి అడుగు మందు కాదు, మూలాన్ని కనుగొని తొలగించడం. రక్తంలోంచి సీసాన్ని లాగే మందులు చాలా ఎక్కువ స్థాయిలో, సాధారణంగా 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు, ఆసుపత్రిలో వైద్యులే ఇస్తారు. ‘విషాలు కడిగేసే’ కషాయాలు, పొడులు ఈ పని చేయవు.

ఇంట్లో చేయదగినవి

పిల్లలకు సుర్మా మానేయండి. పండుగకు బిడ్డ అందం దానితో తగ్గదు. పసుపు పొడి కన్నా కొమ్ములు కొని పట్టించుకోండి. మరీ మెరిసే కొమ్ములను పక్కన పెట్టండి. గాజు గ్లాసులోని నీటిలో కొమ్ము వేస్తే వెంటనే గాఢమైన రంగు దిగుతుంటే దానిపై అనుమానించాలని మన ఆహార ప్రమాణాల సంస్థ సూచించింది. ఇది అనుమానానికే గాని నిర్ధారణకు చాలదు. ముద్ర, తయారీదారు చిరునామా లేని పొడి చవకగా వచ్చినా వద్దు.

నేలను పొడి చీపురుతో ఊడ్చడం కన్నా తడిగుడ్డతో తుడవడం మేలు. బిడ్డకు భోజనానికి ముందు, ఆట తర్వాత చేతులు కడిగించండి. వుజూ అలవాటున్న ఇంట్లో ఇది కొత్త పాఠమేమీ కాదు. సీసం పనిచేసేవారు పనిచోటే స్నానం చేసి, దుస్తులు మార్చుకొని ఇంటికి రావాలి. ఆ దుస్తులను వేరుగా ఉతకాలి. పాత రంగు గీకించే పని ఉంటే పిల్లలను, గర్భిణులను ఆ రోజుల్లో దూరంగా ఉంచాలి. కళాయి వేయించేటప్పుడు తగరంలో ఏమి కలుపుతున్నారో అడగాలి.

బిడ్డ పళ్లెంలో రాగులు, పాలు, పెరుగు, గుడ్డు, మునగాకు, పాలకూర, పప్పు, జామ, నిమ్మ ఉండేలా చూడండి. కడుపు నిండుగా ఉండి, ఇనుము, కాల్షియం సరిపడా అందిన బిడ్డ దేహం సీసాన్ని తక్కువగా పీల్చుకుంటుంది.

సంతానం అమానతు

అల్లాహ్ మనకు అప్పగించిన అమానతులలో సంతానం మొదటి వరుసలోనిది. ప్రతి ఒక్కరూ ఒక కాపరేనని, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. మనకు తెలియని నాడు జరిగినదానికి పశ్చాత్తాపం చాలు. తెలిసిన తర్వాత అలవాటు మార్చుకోవడం మన బాధ్యత. తల్లిదండ్రులకు ఇది ఎంత వర్తిస్తుందో, పసుపు అమ్మే వర్తకునికి, సుర్మా తయారుచేసేవానికి, బ్యాటరీ దుకాణపు యజమానికి కూడా అంతే వర్తిస్తుంది. వారిలో మనవారూ ఉన్నారు. జుమా ఖుత్బాలో ఒక్కసారైనా ఈ విషయం ప్రస్తావించమని ఇమాములను కోరుతున్నాము. దీనీ మదరసాలు, మహిళా ఇజ్తిమాలు ఈ సందేశాన్ని ఇంటింటికీ చేర్చగలవు.

వచ్చే పండుగకు దాదీ మళ్లీ మనవణ్ణి ఒడిలోకి తీసుకుంటుంది. సుర్మాదాని అల్మారాలోనే ఉండనివ్వండి. ఆమె చేయి అతని తల మీద ఉంటుంది, పెదవుల మీద దుఆ ఉంటుంది. ఆ బిడ్డకు ఆ పూట అంతకు మించి అలంకారం అక్కరలేదు.